లోకానికి మొదలుందా?

"నా ఫోనియ్యన్నా. ఒక్కసారి అమ్మతో మాట్లాడుకుంటాను."

"ఛార్జింగులో ఉందమ్మా. నాటకం ప్రాక్టీసు కానీ, ఈలోగా ఎక్కుద్ది," అన్నాడు దేవానందం, షైని ముఖం చూడకుండా.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. దేవానందానికి ఆ విద్య ఎక్కడిది? ఛార్జింగు పెడతానని తీసుకున్న షైని ఫోను అతని జేబులోనే ఉంది. ఇద్దరిదీ గల్ఫులో, సల్వా అనే పేటలో ఒకే ఇంట్లో పని. అతను కారు తోలతాడు, ఆమె వంట చేస్తుంది. పొద్దున షైని తమ్ముడు టిమోతి పాలకొల్లు నుంచి అతనికి ఫోన్ చేశాడు. అమ్మ పోయింది. అక్కకి మాత్రం సీరియస్‌గా ఉందనే చెప్పమన్నాడు. అతనూ అంతే చెప్పాడు. గల్ఫులో ఉన్నవాళ్లకి చావు కబురు సగమే చెప్తారు. ఒంటరి ఆడపిల్ల, నిజం తెలిస్తే దారిలో ఎక్కడ కూలబడుతుందో! పనివాళ్లంతా 'మామా' అని పిలిచే ఇంటి యజమానురాలు జాలిపడి సాయంత్రం విమానానికి టికెట్టు తీయించింది. అప్పటిదాకా దాచాలి, అంతే.

ఖైతాన్‌ పేటలో సంఘం కూడుకునే గదిలో శుక్రవారం ప్రార్థన ముగిసి అందరూ వెళ్లిపోయారు. సంఘం పండక్కి వేసే నాటకంలో గ్రీకు తత్వవేత్త, తొలినాటి క్రైస్తవుడు లోకానికి మొదలుందా లేదా అని వాదించుకుంటారు. గ్రీకువాడు దేవానందం. క్రైస్తవ పక్షం షైని.

"నాకిప్పుడు నాటకమేంటన్నా?"

"మనసు మళ్లుద్దని తల్లీ. కానీ."

షైని నిట్టూర్చి లేచింది. "లోకానికి మొదలుంది. లేకపోతే ఇవాళ్టికి ముందు లెక్కలేనన్ని రోజులు గడవాలి. అవి గడిచేదెప్పుడు, ఇవాళ వచ్చేదెప్పుడు?"

"మట్టి లేందే కుమ్మరి కుండెలా చేస్తాడు?" దేవానందం గొంతు పెంచాడు. "ఏమీ లేనిచోటు నుంచి లోకమెలా వస్తుంది?"

"కుమ్మరికి మట్టి కావాలి. దేవుడికి మాట చాలు. ఆయన పలికాడు, లోకం పుట్టింది."

తర్వాతి మాట నాలుక చివరికొచ్చింది. దేవానందం దాన్ని గుటుక్కున మింగేశాడు. "నక్షత్రాల్ని చూడు," అంటూ దాని కింది మాటకి దూకాడు. "ఎప్పుడూ అదే దారిలో తిరుగుతున్నాయి. వాటికి మొదలేది, చివరేది?" హమ్మయ్య, దాటేశానని లోపల్లోపల ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాడు.

షైని అతని వైపే చూస్తూ మెల్లగా చాప మీద కూర్చుంది.

"'పుట్టిందల్లా గిట్టక తప్పదు. లోకం పుట్టిందంటే చావాల్సిందే.' నీ మాట అదన్నా. ప్రతి శుక్రవారం బల్ల గుద్ది మరీ చెప్తావు." ఆమె ఫోను కోసం చెయ్యి చాపింది. "అమ్మ ఎప్పుడు పోయింది?"