బురద తగ్గించే తీర్మానం

అడవి మడుగులో పరిగమ్మ అనే చిరుచేప నాచు ఆకులకు గుడ్లు అంటించి కాపలా కాస్తోంది. తెల్లారితే అవి పిల్లలవుతాయి. ఈలోగా బురద లేచి మీద పడిందా, ఊపిరాడక చచ్చిపోతాయి.

"మామలూ, అత్తలూ! ఈ ఒక్కరోజూ నీళ్లలో దిగి పొర్లకండి," అని బతిమాలింది.

పాపం, మనసున్న జంతువులే! వెంటనే గట్టుమీద సభ పెట్టాయి. బురద తగ్గాల్సిందేనని అన్నీ తలలూపాయి. ఎవరు తగ్గించాలన్న దగ్గరే కాస్త పేచీ వచ్చింది.

"మా మనవడికి కొమ్ములు మొలిచేనాటికి మా మంద పొర్లడం సగానికి తగ్గిస్తుంది," అంది దున్నపోతు, ఆస్తంతా దానం చేసినట్టు మొహం పెట్టి.

"తాతలనాటి నుంచీ బురద కలిపింది మీరు. మేం నిన్నగాక మొన్న దిగాం. మీ అంత పొర్లాక మేమూ తగ్గిస్తాంలే," అంది అడవిపంది.

"ఇవాళ్టి సంగతి చెప్పండి మామా!" అని పరిగమ్మ నీళ్లలోంచి అరిచింది.

"పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో దూరకు," అని సభ నడుపుతున్న తాబేలు కసిరి, తీర్మానం నెగ్గిందని చాటింది.

ఆ అడవిలో తీర్మానం నెగ్గితే అందరూ కలిసి మునకేయడం ఆచారం. మందలన్నీ కేరింతలు కొడుతూ ఒక్కసారిగా మడుగులోకి దూకాయి.

"ఏమ్మా, నీ పిల్లల కోసమేగా ఇంత చేశాం, ఒక్క దండమైనా పెట్టవే?" అంది దున్నపోతు, మెడదాకా బురదలో కూర్చుని.

పరిగమ్మకు వినబడలేదు. ఏ ఆకు తనదో తెలియని ఆ బురద చీకట్లో, తోకతో ఒక్కో ఆకూ తుడుస్తూనే ఉంది.