హస్తవాసి

రాజశేఖర్ మందుల అంగట్లో "లేదు" అనే మాట వినపడదు. గిరాకీని వట్టి చేతులతో పంపితే లక్ష్మి అలుగుతుందని ఆయన నమ్మకం. కర్నూలులో అంత పెద్ద అంగడి ఊరికే అయిందా మరి!

ఆ మధ్యాహ్నం విశ్వాసమ్మ ఆ అంగడి మెట్లెక్కింది. పొద్దున్నే పత్తికొండలో బస్సెక్కిన మనిషి. ఆసుపత్రి దగ్గర మొదలుపెట్టి అప్పటికే ఏడంగళ్లు తిరిగింది. ఏడు చోట్లా "లేదమ్మా" అన్నారు. పాపం, వాళ్లకు వ్యాపారం చేతకాదు. ఎక్కడా దొరక్కపోతేనే ఈ అంగడికి పొమ్మని కోడలు చెప్పి పంపింది.

చీటీ అందుకుని రాజశేఖర్ పొడి పేరొక్కటే చూశాడు. ఆ డబ్బా తన దగ్గరా లేదు.

"ఎవురికమ్మా ఇది?"

"మనవరాలికి సామీ. ఏడు నెలల బిడ్డ. పుట్టుకతోనే ఏందో జబ్బు. మామూలు పాలపొడి తాపితే విషమై తలకెక్కుతాదంట, బుద్ధి ఎదగదంట. ఈ పొడే తాపాలని డాక్టరమ్మ శానా గట్టిగా చెప్పినాది. ఇంట్లో రేపటికే ఉండాది."

"కూతురి బిడ్డా, కొడుకు బిడ్డా?"

విశ్వాసమ్మ ఆయన మొహంలోకి కాసేపు చూసింది.

"కొడుకు బిడ్డ" అంది. ఇంకేదో చెప్పబోయి, కోడలు వద్దన్న సంగతి గుర్తొచ్చి నోరు మూసుకుంది.

రాజశేఖర్ లోపలికి వెళ్లి ఒక పచ్చ డబ్బా తెచ్చాడు. పసిపిల్లల బలానికని అందరికీ అమ్మే పాలపొడే. అమ్ముడుపోక దుమ్ము పట్టి ఉంది. తుడిచి బల్లమీద పెట్టాడు.

"రంగు వేరేగా ఉండాదే సామీ?"

"కంపెనీ మారిందమ్మా. లోపల సరుకు ఒకటే."

"మార్చి తాపొద్దన్నాదే డాక్టరమ్మ."

"డాక్టర్లకేం! ఎవురు కమీషన్ ఇస్తే వాళ్ల పేరు రాస్తారు. ముప్పై ఏండ్లుగా మందులమ్ముతాండా. నాకు తెలీదా?"

ఆమెకు చదువు రాదు. అయినా ఒక ధైర్యం ఉంది. కోడలు చదువుకున్న పిల్ల. ఏ డబ్బా తెచ్చినా అట్టమీది అక్షరాలన్నీ చదివిగానీ మూత తియ్యదు. పోయిన నెల ఎవరో తేదీ దాటిన డబ్బా అంటగడితే, చదివి వెనక్కి పంపింది. ఇందులో తేడా ఉంటే ఆ పిల్ల కంటికి దొరక్కపోదు.

గుమాస్తా డబ్బాను సంచిలో వేయబోతే విశ్వాసమ్మ అడ్డుపడింది.

"నీ చేత్తో నువ్వే ఇయ్యి సామీ."

రాజశేఖర్ మీసాల్లో నవ్వుకున్నాడు. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేవాళ్లకు ఏటా ఉచితంగా మాత్రలు పంచుతాడు. ఆయన హస్తవాసి మంచిదని ఊళ్లో పేరు. ఈమెకూ ఆ నమ్మకమే కాబోలు అనుకుని, రెండు చేతులతో డబ్బా అందించాడు.

"బిడ్డ సల్లగుంటాది, పోయిరా."

ఆ మాటకు విశ్వాసమ్మ కళ్లు చెమర్చాయి. ఇంత చిన్న మాటకు ఏడుపెందుకో ఆయనకు అర్థం కాలేదు. తర్వాతి చీటీ అందుకున్నాడు.

పొద్దుగూకేసరికి ఆమె ఇల్లు చేరింది. చంకలో బిడ్డతో కోడలు యామిని గడపలోనే ఎదురొచ్చింది. డబ్బా రంగు చూసి మొహం చిట్లించింది.

"ఇదేంది అత్తా? ఎప్పుడూ తెచ్చేది కాదే!"

"యాడా దొరకలా, నువ్వు చెప్పిన అంగడికే పోయినా. కంపెనీ మారిందంట, లోపల అదే అంట. నాకేం తెలుస్తాది తల్లీ, నువ్వొకసారి చదువు."

"ఎవురిచ్చినారు? గుమాస్తానా?"

"లేదు. ఆయప్పే తన చేత్తో ఇచ్చినాడు. బిడ్డ సల్లగుంటాదన్నాడు."

కులం కానివాణ్ణి చేసుకుందని రెండేళ్లుగా గడప తొక్కనివ్వని తండ్రి చేతి నుంచి తన బిడ్డకు వచ్చిన మొదటి వస్తువును యామిని కళ్లకద్దుకుని, ఒక్క అక్షరమైనా చదవకుండా మూత తీసింది.