చుక్క పడని ఊరు

వర్షిణి గీసిన మ్యాపులో కడుపు క్యాన్సర్ వచ్చిన ప్రతి మనిషికీ ఒక ఎర్ర చుక్క ఉంది. సూర్యాపేట చుట్టూ చుక్కలు. మిర్యాలగూడ చుట్టూ చుక్కలు. కోదాడ వైపూ తక్కువేం లేవు.

అనంతగిరి మండలంలో ఒక ఊరు మాత్రం తెల్లగా మిగిలింది. రెండు జిల్లాల రికార్డులు పదేళ్లవి తిరగేసినా ఆ ఊరి పేరు మీద ఒక్క కేసు లేదు.

ఎందుకో తేలిస్తే మెడికల్ కాలేజీలో వర్షిణి పీజీ థీసిస్ గట్టెక్కినట్టే. కోదాడలో బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని ఆ ఊరికి వెళ్లింది.

తీరా చూస్తే అక్కడి వాళ్లూ అందరిలాగే కారం తింటున్నారు. పచ్చళ్లు, ఎండుచేపలు తింటున్నారు. బీడీలు కాలుస్తున్నారు.

"తిండికాడ పట్టింపు ఉన్నది లచ్చమ్మకే మేడం," అన్నాడు సర్పంచ్ వీరేందర్. "గుంటూర్ల కూతురింట్ల ఏడాది ఉండొచ్చింది. అప్పట్నుంచి ఆమె లెక్కే వేరు. ఆమెను అడుగున్రి."

లచ్చమ్మకు అరవై ఎనిమిదేళ్లు. సన్నగా, చురుగ్గా ఉంది. వర్షిణి ఫారం తీసి మొదలుపెట్టింది.

"కారం తింటావా అవ్వా?"

"ముట్టనే ముట్ట."

"పచ్చళ్లు?"

"వాసన గూడ సూడ."

"మరి ఏం తింటావ్?"

"పొద్దుగాల్నించి ఆరుసార్లు తింట. పిడికెడు పిడికెడే. ముద్ద మెత్తగ నమిలి మింగుత. అన్నం తినేటప్పుడు నీళ్లు తాగ. తీపి జోలికి పోను. నెలకో సూది ఏపిచ్చుకుంట, బలానికి."

వర్షిణి రెండో ఫారం కూడా తీసింది.

"మీ ఊళ్లో ఎవరికీ కడుపు క్యాన్సర్ రాలేదంటే ఊరికే కాదవ్వా. నీలాంటి వాళ్లు ఉండబట్టే."

లచ్చమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గట్లనా బిడ్డా. అయితే మంచిగ రాసుకో."

వర్షిణి రాసుకోవడంతో ఆగలేదు. పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టి లచ్చమ్మ తిండి పద్ధతి ఊరందరికీ చెప్పింది. ఆ సాయంత్రమే వీరేందర్ భార్య సుమిత్ర ఆవకాయ జాడీ అటక మీదికి ఎక్కించింది. వీరేందర్ ముద్దకు ముప్పైసార్లు నములుతూ రెండు ఫోన్లు ఎత్తలేకపోయాడు.

మర్నాడు లచ్చమ్మ గుమ్మం ముందు బండి ఆపాడు.

"నీ పుణ్యాన నోరు సచ్చిపోయిందే లచ్చమ్మా."

"జర ఓపిక పట్టు సర్పంచ్. అలవాటైతది," అంది లచ్చమ్మ. అతను మలుపు తిరిగాక కడుపారా నవ్వుకుంది.

వారం తర్వాత వర్షిణి మళ్లీ వచ్చింది, ఈసారి కారు మాట్లాడుకుని.

"పద అవ్వా, సూర్యాపేట పోదాం. మా సార్ నిన్ను చూస్తానన్నారు."

"నన్ను సూసి ఏం జేస్తడు?" నవ్వింది లచ్చమ్మ.

"గొంతులోంచి చిన్న కెమెరా పంపిస్తారు. నొప్పేం ఉండదు. నీ పొట్ట ఎంత శుభ్రంగా ఉందో ఫొటో తీసి థీసిస్ మొదటి పేజీలోనే వేస్తాను."

లచ్చమ్మ నవ్వు ఆగిపోయింది. వీధిలో ఎవరూ లేరని చూసి తలుపు దగ్గరికి వేసింది. వర్షిణిని మంచం మీద కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది.

"ఊర్ల తెలిస్తే నా చేతి నీళ్లు తాగరని చెప్పలే. నువ్వు మాత్రం ఎవరితోని అనకు," అంది గొంతు తగ్గించి. "ఫొటో తియ్యనీకి నాకు పొట్ట ఏడుంది బిడ్డా, క్యాన్సరొచ్చిందని నాలుగేండ్ల కింద గుంటూర్ల నా కూతురు అడ్రసు మీద చేర్పిచ్చి మొత్తం తీసేసిన్రు."