పైలి ముక్కు

కంప్యూటర్ తెరమీద ఏలకులు ఆరబెట్టే గది రంగురంగులుగా కనిపిస్తోంది. ఎర్రగా ఉన్నచోట కాయ ఆరినట్టు, నీలంగా ఉన్నచోట ఇంకా పచ్చి. ఆ గది పని చూసే పైలి కళ్లు చికిలించి దాన్నే చూస్తున్నాడు.

"గాలి ఎటు పోతోందో, చెమ్మ ఎక్కడ నిలుస్తోందో వారం రోజులు లెక్క కట్టించాను పైలి చేట్టా," అంది కొచ్చి నుంచి వచ్చిన ఇంజనీరు అనఘ. "ఈ మూలకి గాలే రావడం లేదు. ఇక్కడో పెద్ద ఫ్యాన్ పెడితే గదంతా ఒకేలా ఆరుతుంది."

"ఫ్యానా?" పైలి తెర మీంచి తల తిప్పాడు. "వద్దు మోళే, వద్దు తల్లీ. ముప్ఫై ఏళ్లుగా ఉత్త పొయ్యి వేడితోనే లాక్కొస్తున్నాం."

"లాక్కొచ్చాం. పోయినేడు ఆ మూల తట్టలన్నీ బూజుపాలు చేశాం," అన్నాడు తోట యజమాని కురువిళ. "నీ పనికి వచ్చిన ఢోకా ఏం లేదు పైలీ. కాయ ఆరిందో లేదో కంప్యూటర్ వాసన చూస్తుందా? మన వండన్మేడు మొత్తానికి నీ ముక్కు ఒక్కటే."

"రిపోర్టులో కూడా అదే రాశాను," అంది అనఘ. "గది ఎప్పుడు తెరవాలో చేట్టానే చెప్పాలని."

వాళ్లు ధైర్యం చెప్పేకొద్దీ అతనికి ముచ్చెమటలు పోశాయి. తప్పు చెబితే పచ్చికాయ బస్తాల్లోకెక్కుతుంది. పంట పోతుంది, తన పనీ పోతుంది. అరవై దాటినవాణ్ణి ఇంకెవరు పెట్టుకుంటారు?

పది రోజులకు ఫ్యాన్ బిగించారు. మీట వేయగానే దాని హోరుకు గది తలుపులు అదిరాయి. చూడ్డానికి పక్క తోటలవాళ్లు కూడా వచ్చారు.

మర్నాడు మధ్యాహ్నం కురువిళ తట్టలోంచి గుప్పెడు కాయలు తీసి పైలి చేతిలో పోశాడు.

పైలి అలవాటుగా గుప్పిట చెవి పక్కన ఆడించాడు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూశాడు. మళ్లీ ఆడించాడు.

"ఆ ఫ్యాన్ ఒక్క నిమిషం ఆపించు మోళే," అని అరిచాడు.

"ఆపితే చెమ్మ మళ్లీ మూలకి చేరుతుంది చేట్టా," అని అనఘ కూడా అరిచే చెప్పింది.

"వాసన చూడ్డానికి చప్పుడేం అడ్డమయ్యా?" అన్నాడు కురువిళ. అందరూ నవ్వారు. నవ్వి, అతని నోటికేసి చూస్తూ నిలబడ్డారు.

మూడేళ్ల కిందటి జ్వరంతోనే పైలి ముక్కుకు వాసన చచ్చిపోయింది, అప్పటి నుంచీ కాయ ఆరిందని అతనికి చెబుతున్నది లోపలి గింజల గలగలే.