కర్ర పాతిన చోటు

వీరవేణి రెండు చేతులా పట్టుకుని ఏట్లో పాతిన కర్ర పీకేసింది.

సరుగుడు కర్ర. చివర ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఎంత లోతుకి పాతాడో, ఊడి రావడానికి మొండికేసింది.

"నిన్న కూడా నువ్వే పీకావా అమ్మా?"

వెనక్కి తిరిగితే, కొన్నాళ్లుగా రోజూ ఏట్లో కనిపిస్తున్న పరాయి ఊరి ముసలాయన. నడుం లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు.

"నేనే పీకాను. ఏరు నీ ఒక్కడిదా?" అని కర్రని ఏట్లోకి విసిరేసింది.

కర్ర పాతితే ఆ చోటు వాళ్లది. ఇంకొకరు అక్కడ జల్లెడ పెట్టకూడదు. రాళ్లు వెతికేవాళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు అది. కానీ అది ఊళ్లోవాళ్లకి. ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ మనిషికి చోటెవరిచ్చారు?

అంతా ఆ వీడియో పుణ్యం. వశిష్ఠ గోదావరి ఇసకలో వజ్రం దొరికిందని వేసవి మొదట్లో ఎవడో ఫోన్లో పెట్టాడు. ఎవరికి దొరికిందో, ఏ రేవులో దొరికిందో చెప్పలేదు. అయినా ఊరు ఊరంతా జల్లెళ్లు పట్టుకుని ఏట్లోకి దిగింది.

హైస్కూలు మాస్టారు ప్రసన్నకుమార్ గట్టు మీద నిలబడి నచ్చజెప్పి చూశారు.

"వజ్రాలు పుట్టేది భూమిలో నూట యాభై కిలోమీటర్ల లోతునమ్మా. ఎప్పుడో కరిగిన రాయి పైకి తన్నుకొస్తూ వాటినీ మోసుకొచ్చింది. ఆ రాయి ఉన్నది రాయలసీమ వైపు. గనుల్లో అయితే పెద్ద పెద్ద గోతులు తవ్వి, ఆ రాయిని తీసి, పగలగొట్టి, జల్లించి ఏరతారు. వానలకి కొట్టుకొచ్చినవేవో సీమ పొలాల్లో దొరుకుతాయి. ఇక్కడ మన ఏరు తెచ్చేది ఒండ్రూ, ఇసకాను."

జనం ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్కే పట్టుకున్నారు. లోతు. ఎంత లోతుకి పోతే అంత మంచిదన్నమాట!

వీరవేణీ అదే పట్టుకుంది. రొయ్యల షెడ్డులో ఐసునీళ్లలో తలలు గిల్లీ గిల్లీ ఆమె వేళ్ల చర్మం ఊడిపోయింది. అన్నం కలుపుకుంటే మంట. పడుకుంటే మంట. ఒక్క రాయి దొరికితే చాలు, మళ్లీ ఆ షెడ్డు గుమ్మం తొక్కక్కర్లేదు. మేడలూ నగలూ ఆమె అడగలేదు.

"ఇక్కడ గొయ్యుందమ్మా," అన్నాడు ముసలాయన. "ఇసక మిషన్ తవ్విన గొయ్యి. ఇంకో అడుగేస్తే పట్టు దొరకదు."

"చోటు మంచిదైతే అందరూ చెప్పే కబుర్లేలే. మొన్న లోవలక్ష్మి కూడా తన చోట పాముందంది."

"ఒట్టమ్మా."

"అంత గొయ్యుంటే నువ్వెందుకు పొద్దస్తమానం ఇక్కడే ఉంటావు?"

ఆయన తల దించుకున్నాడు. దొంగ దొరికిపోయాడనుకుంది వీరవేణి.

మర్నాడు అక్కడ కర్ర లేదు. ఆయనే కర్రలా నిలబడ్డాడు. ఎవరు అటు వచ్చినా చేతులు అడ్డం పెడుతున్నాడు. ఎండ నడినెత్తి మీదకి వచ్చినా కదల్లేదు.

"చూశావా మావా, ఎలా కాస్తన్నాడో?" అంది మొగుడితో.

పల్లంరాజు గట్టు మీద వల బాగుచేసుకుంటున్నాడు.

"పోనియ్యే. పెద్దాయన. ఓపిక లేనట్టున్నాడు."

"నాకుందా ఓపిక? ఈ వేళ్లు నీవైతే తెలిసేది!"

ఆమె గొంతుకి నలుగురు పోగయ్యారు. వాళ్లలో చిట్టియ్య నీళ్లలోకి దిగి ముసలాయన్ని రెక్క పట్టి గట్టుకి లాక్కొచ్చాడు. ఆయన పెనుగులాడలేదు. అంత బలం లేదు.

"బాబూ, ఒక్క మాట వినండి... ఆ అమ్మాయిని ఆపండి..."

వీరవేణి అప్పటికే జల్లెడ తీసుకుని దిగిపోయింది. మిగతావాళ్లు రాకముందే ఆ చోటు తనదవ్వాలి.

రెండడుగులు వేసిందో లేదో, కాలికింద ఇసక జారిపోయింది.

అరవబోతే నోట్లోకి నీళ్లు. పైకెక్కడో ఎండ కనిపించింది, మళ్లీ కనిపించలేదు. కాళ్లకి నేల తగల్లేదు. అంతలో వెనకనుంచి ఎవరివో చేతులు నడుం పట్టుకుని ఆమెను బలంగా ముందుకి తోశాయి. తల పైకి తేలింది. పల్లంరాజు వలతాడు విసిరాడు. అందుకుంది.

తోసిన చేతులు మాత్రం పైకి రాలేదు.

కుర్రాళ్లు వెతగ్గా వెతగ్గా మధ్యాహ్నం మూడింటికి ముసలాయన దొరికాడు, ఊపిరి లేకుండా. గట్టు మీద ఆయన సంచిలో ఫోనుంది. పల్లంరాజు అందులోని ఆఖరి నంబరుకి ఫోన్ చేశాడు.

పొద్దువాలే వేళకి రాజమండ్రి నుంచి కూతురు వచ్చింది. పేరు హెలెన్. ఏడవలేదు. ఎప్పుడో ఏడ్చేసిన మనిషిలా తండ్రి పక్కన కూలబడింది.

వీరవేణి ఆమె కాళ్ల మీద పడింది.

"నేనే చంపేశానమ్మా! గొయ్యుందని చెబితే నమ్మలేదు. అబద్ధమనుకున్నాను."

"లేవండి. మా నాన్నకి ఈత రాదండి. తెలిసే దూకుంటారు."

"మరి రోజూ ఎందుకొచ్చేవారమ్మా ఇక్కడికి?" అన్నాడు పల్లంరాజు.

"ఇంటికొచ్చెయ్యమని ఫోన్లో బతిమాలేదాన్నండి. ఆ గొయ్యి పూడ్చడం నావల్ల కాదు, కనీసం అడ్డంగా నిలబడనియ్యమ్మా అనేవారు."

"ఇసకోళ్లు ఎవరో తవ్వి వదిలేసిన గొయ్యికి ఆయనెందుకమ్మా నిలబడటం?"

హెలెన్ పైటచెంగుతో తండ్రి ముఖం మీది ఇసక తుడిచింది.

"ఆ మిషన్ నడిపింది మా నాన్నేనండి."