రెండో చరణం ముందు

మామగారు వారం రోజులుగా చల్లటి నీళ్లు ముట్టలేదు. పొద్దున తేనె, మధ్యాహ్నం ఉప్పునీళ్లు, పడుకోబోయే ముందు చేదు మందు. ఇంత నిష్ఠ ఆయన చదువుకునే రోజుల్లో పరీక్షలకు కూడా చూపించి ఉండడు.

"పాడేది వాళ్లా, మీరా?" అంది కోడలు, కచేరీ హాలు ముందు కారు ఆపుతూ.

"దగ్గు రాకూడదమ్మా. మిగతా పాటలప్పుడు వచ్చినా పరవాలేదు. చివరి పాటప్పుడు వచ్చిందా, కొంప మునిగినట్టే."

మొగుడు ఆఫీసు పని వంక పెట్టి జారుకుంటే ఈ డ్యూటీ కోడలి మీద పడింది. ఆమెకు ఈ వ్యవహారం మీద మొదటినుంచీ సదభిప్రాయం లేదు. బ్యాండులో నలుగురు. నలుగురికీ అరవై దాటాయి. ముప్పై రెండేళ్లుగా అవే పన్నెండు పాటలు.

"ఇది సంగీతం కాదు మామయ్యా, పాత ఫొటోల ఆల్బమ్. వీళ్లంతా పాట వినడానికి రాలేదు. పాతికేళ్ల వయసులో తమ మొహం ఎలా ఉండేదో చూసుకోడానికొచ్చారు."

"కావచ్చమ్మా. కానీ కొన్ని పనులు మొదటిసారి సరిగ్గా కుదరవు. ఇంకోసారి చేస్తే తప్పేముంది?"

"ముప్పై రెండేళ్లు వాయించినా కుదరలేదా వాళ్లకి?"

 మామగారు ఒక లవంగం బుగ్గన పెట్టుకుని లోపలికి నడిచాడు.

హాలు కిక్కిరిసిపోయింది. పక్క సీట్లో ఒక బట్టతలాయన. బ్యాండు బొమ్మ ఉన్న చొక్కా ఆయన పొట్ట మీద ఊపిరాడక అవస్థ పడుతోంది. తనకిది నలభయ్యో కచేరీ అని అడక్కుండానే చెప్పాడు.

"మీరు కొత్తా? అయితే చివరి పాటకి రెడీగా ఉండండి. రెండో చరణం ముందు వాయిద్యాలన్నీ టక్కున ఆగిపోతాయి. సరిగ్గా అక్కడ క్యాసెట్‌లో ఎవరో దగ్గుతారు. తుడిచేద్దామంటే కుదర్లేదట. మళ్లీ పాడదామంటే గాయకుడి గొంతు అప్పటికే పోయిందట. అలాగే వదిలేశారు. ఇప్పుడు అక్కడికి రాగానే హాలంతా దగ్గాలి. అదీ రూలు!"

"ఇంతకీ ఎవరిదండీ ఆ దగ్గు?" కోడలికి మొదటిసారి ఆసక్తి పుట్టింది.

"గాయకుడికి ఏడుపొచ్చి గొంతు పట్టేసిందని కొందరంటారు. డ్రమ్ములాయన సిగరెట్ల దగ్గని కొందరు. నా మటుకు నాకు గిటారాయన మీదే అనుమానం. వాళ్లేమో నోరు విప్పరు."

మామగారు ఇంకో లవంగం వేసుకున్నాడు.

పదకొండు పాటలయ్యాయి. మొదటి మూడింటికీ కోడలు ఫోను చూసుకుంది. నాలుగోదానికి కాలితో తాళం వేసింది. ఏడోదానికి బట్టతలాయనతో గొంతు కలిపింది. ఆ పాటలు వచ్చేనాటికి తానింకా పుట్టనే లేదన్న సంగతి ఆమెకు గుర్తులేదు.

చివరి పాట మొదలైంది. మామగారి గొంతులో గరగర కూడా మొదలైంది.

ఆయన కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. మొదటి చరణం సగానికి వచ్చేసరికి మొహం కందగడ్డ అయింది. చివరికి వచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. రుమాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. దేవుడా, ఒక్క క్షణం, ఒక్క క్షణం ఓపిక పట్టు.

వాయిద్యాలన్నీ టక్కున ఆగాయి.

ఎనిమిది వందల మంది ఒక్కసారిగా దగ్గారు. బట్టతలాయన లేచి నిలబడి మరీ దగ్గాడు. కోడలు కూడా శక్తివంచన లేకుండా దగ్గింది.

గాయకుడు నవ్వుకుంటూ రెండో చరణం ఎత్తుకున్నాడు. మామగారు రుమాలు తీసి, గుండెల నిండా గాలి పీల్చి, కప్పు గెలిచినవాడిలా చుట్టూ చూశాడు.

"ఏంటి మామయ్యా! ఊరందరిదీ ఒకదారి, ఉలిపికట్టెది ఒకదారా? హాలంతా దగ్గుతుంటే మీరొక్కరే నోరు మూసుక్కూర్చున్నారు. వారం రోజుల తంటా దీనికా?"

"దీనికేనమ్మా," అన్నాడు మామగారు పట్టలేని సంబరంతో.

ముప్పై రెండేళ్ల కిందట, ఆ పాట రికార్డు చేసిన స్టూడియోలో ఎలక్ట్రీషియన్‌గా ఆయన ఉద్యోగం ఊడింది సరిగ్గా ఆ రెండో చరణం ముందు దగ్గినందుకే.