మంచులో ఎర్ర చుక్క

"అక్కా, వాళ్లు నన్ను చూసేశారు!"

ఫోన్లో తమ్ముడి గొంతు వినగానే ఆమె కుర్చీలోంచి సగం లేచింది.

అనుమతి లేకుండా గనులు ఎక్కడ తవ్వుతున్నారో శాటిలైట్ ఫొటోల్లో వెతికి పట్టుకోవడం ఆమె ఉద్యోగం. చేరి ఇంకా నెల కాలేదు. ఆమె చూపించిన చోటికి వెళ్లి కొలతలు తీసుకురావడం సర్వేయరైన తమ్ముడి పని. ఈ ఉదయం అక్కడ చెయ్యి చాపితే చెయ్యి కనిపించనంత పొగమంచు.

"ఎంతమంది?"

"నలుగురైదుగురు. కర్రలున్నాయి. జీపుకు అడ్డంగా నిలబడ్డారు. నాకేమీ కనిపించట్లేదక్కా!"

"నాకు కనిపిస్తున్నావులే. నేను చెప్పినట్టు చెయ్యి."

కంప్యూటర్లో పోయిన వారం వచ్చిన ఫొటో తెరిచి ఉంది. దాని మీద తమ్ముడి ఫోను ఎర్ర చుక్కలా కదులుతోంది. ఇంట్లో వాడి చెప్పులు వాడికి దొరకాలన్నా అక్కే వెతికి పెట్టాలి.

"ఎడమకు పోకు. అటు పెద్ద గొయ్యి ఉంది. కుడికి తిరుగు."

"తిరిగా."

"ఎదురుగా మట్టిదిబ్బ. దాటి అవతల నక్కి కూర్చో. ఇంకాస్త దూరమే, పరిగెత్తరా!"

బూట్ల చప్పుడు. ఎగశ్వాస. తర్వాత ఏమీ లేదు.

ఎర్ర చుక్క దిబ్బ మీద ఆగింది.

ఆమె పిలవలేదు. ఇప్పుడు పిలిస్తే తన గొంతే వాణ్ణి పట్టిచ్చేస్తుంది. ఫోన్లో దూరంగా అరుపులు వినిపించాయి. దగ్గరయ్యాయి. ఉన్నట్టుండి ఆగిపోయాయి. తమ్ముడు మాత్రం కిక్కురుమనలేదు. నోరు మూసుకోమంటే ఏనాడూ వినని వెధవ, ఇవాళ ఎంత బుద్ధిగా ఉన్నాడో! ఆమెకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"ఏమ్మా, ఆ చెమటలేంటి?" ఆఫీసు పెద్దాయన వెనకనుంచి వచ్చాడు.

"తమ్ముడి వెంట పడ్డారు సార్. ఈ దిబ్బ చాటుకు పంపించేశాను. ఇక భయం లేదు."

ఆయన కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగాడు.

"ఫొటో తిప్పి చూడలేదా?" ఆయన మౌస్ అందుకున్నాడు. "ఇందులో ఎండ ఫొటో కింది వైపు నుంచి పడింది. ఇలా చూస్తే నీడలు కంటిని మోసం చేస్తాయమ్మా."

ఆయన ఫొటోను తలకిందులు చేయగానే, ఎర్ర చుక్క ఆగిన దిబ్బ ఆమె కళ్లముందే లోతైన గొయ్యి అయిపోయింది.